ఇరవై ఐదు ఆర్లా

లాయిడ్ హెగ్‌స్ట్రామ్ ఆ తుపాకీ కొన్నాక ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కొన్నాడు, అది చక్కగా పేలింది, గోడకి తగిలించుకుని కాళ్ళు బారజాపుకుని కూర్చోవచ్చు. కానీ అతను జీవితమంతా రంపపు మిల్లులో రంపాలకు పదును పెట్టిన మనిషి. ఏ వస్తువు చేతికొచ్చినా దాన్ని ఎవడు చేశాడు, ఎవడు వాడాడు, ఎవడు పాడు చేశాడు అని ఆరా తీయకపోతే ముద్ద దిగదు. "పెళ్ళికి ముందు నా గురించి ఇంత ఆరా తీసుంటే ఇద్దరం బాగుపడేవాళ్ళం" అని భార్య అంటుండేది. ఆమె పోయాక ఆ మాట అనేవాళ్ళు కూడా లేక జబ్బు ముదిరింది.

తుపాకీ దొరికింది మోంటానాలో, మిజూలా ఊళ్ళో ఏటా జరిగే తుపాకుల సంతలో. ఎండుమాంసం అమ్మేవాడికీ కత్తులు అమ్మేవాడికీ మధ్య ఒక మూల బల్ల మీద పడుంది. వాల్‌నట్ కర్ర, వెనక చివర నల్లటి ముడి. భుజానికి ఎత్తితే ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కూర్చుంది. గొట్టం మీద ఎవరో చేత్తో ఒక్కో అక్షరం కొట్టి "25 ఆర్లా" అని రాశారు.

ఇరవై ఐదు అంటే తూటా లావు, కానీ అలాంటి పేరున్న తూటా ప్రపంచంలో ఏ కొట్లోనూ అమ్మరు. అక్కడి తుపాకీ పనివాళ్ళలో కొందరికి కంపెనీ తూటాలు ఆనవు. ఉన్న తూటాకి మెడ నొక్కి, భుజాలు ఎత్తి, పొట్టలో ఇంకాస్త మందు పట్టేలా చేసి, దానికి సరిపడా గొట్టంలో గది తొలిచి, తమకు తోచిన పేరు పెట్టుకుంటారు. ఇలాంటి తూటాల్నీ, వాటి తుపాకుల్నీ అడవిపిల్లులంటారు. ప్రతి తూటా ఇంట్లో బల్ల ముందు కూర్చుని, ఒక జత ఉక్కు అచ్చుల్లో నొక్కి చేసుకోవాలి. ఆ అచ్చులు కూడా ఆ గదికి తగ్గట్టు కోసినవే కావాలి. అవి పోయాయా, అడవిపిల్లి గునపంతో సమానం. గునపమే నయం, గొయ్యైనా తవ్వుతుంది.

లాయిడ్ అదృష్టానికి తుపాకీతోపాటు అచ్చులూ వచ్చాయి, ఒక పొగాకు డబ్బాలో. ఆ శరదృతువులో దాంతో ఒక యాంటిలోప్ జింకని కొట్టాడు. ఒక్కటే తూటా. చాలుగా? చాల్లేదు. ఆర్లా ఎవరు?

చలికాలమంతా టెలిఫోను పట్టుకుని కూర్చున్నాడు. సంతలో అమ్మినవాడు, అది డిల్లన్ దగ్గర పశువులు మేపే ఒక ఆసామి దగ్గర కొన్నానన్నాడు. ఆసామిని పట్టుకుంటే అతను ముందు వాతావరణం గురించి, తర్వాత గొడ్ల గురించి, ఆ తర్వాత తన అల్లుడి చేతగానితనం గురించి చెప్పి, చివరికి నెవాడాలో విన్నమక్కా ఊళ్ళో ఒకావిడ పేరు చెప్పాడు. ఆవిడ పేరు డోరీన్. తుపాకీ తన మొగుడిదనీ, పేరు మెర్ల్ బ్రూనర్ అనీ, కాలేయం చెడి పోయాడనీ, పోయాక ఇంట్లో చోటు చాలక తుపాకీ అమ్మేశాననీ ఒక్క గుక్కలో చెప్పింది. ఐడహోలో ఫోర్‌మైల్ అనే ఊళ్ళో ఐవర్ అనే పనివాడు చేసిచ్చాడట.

ఆర్లా ఎవరమ్మా అని లాయిడ్ అడిగాడు.

"నేనూ అడిగాను. చిన్నప్పుడు తను పెంచిన కుక్కట," అంది డోరీన్.

కుక్క పేరు తుపాకీకి పెట్టుకున్నవాణ్ణి లాయిడ్ తప్పుపట్టలేదు. మంచి కుక్కే అయ్యుంటుంది అనుకున్నాడు. మంచు కరిగి దారులు తెరుచుకోగానే తుపాకీని పికప్పు ట్రక్కు వెనక అద్దానికున్న కొక్కేలకి తగిలించి, అచ్చుల డబ్బా పక్కన పెట్టుకుని, కనుమ దాటి ఫోర్‌మైల్ వెళ్ళాడు. కుక్క పేరు తుపాకీకి ఎందుకు పెట్టారో తెలిస్తే ఇక హాయిగా నిద్రపోవచ్చని అతని ఉద్దేశం.

ఐవర్ టోర్గర్సన్ డెబ్భై దాటిన మనిషి. ఇంటి వెనక షెడ్డులో లేతు మిషను, మోకాలికి పట్టీ, నోట్లో ఆర్పేసిన పైపు. తుపాకీని చేతికిచ్చేసరికి అతని ముఖం విచ్చుకుంది, ఊరు వదిలిపోయిన పిల్లాడు గుమ్మంలో నిలబడ్డట్టు. గొట్టం తడిమాడు, బోల్టు తెరిచాడు, మూశాడు. అప్పుడు లాయిడ్ పొగాకు డబ్బా మూత తీశాడు. ఐవర్ అచ్చుల్ని చూసి, స్టూలు వెతుక్కుని మరీ కూర్చున్నాడు.

"ఇవి ఎవరికైనా చూపించావా, ఈ ఊళ్ళో?" అన్నాడు.

లేదన్నాడు లాయిడ్. అప్పుడు ఐవర్ లేచి షెడ్డు తలుపు వేసొచ్చి సంగతి చెప్పాడు.

ఆర్లా కుక్క కాదు. మెర్ల్ బ్రూనర్ పెళ్ళాం. ఈ ఊళ్ళోనే, చర్చికి రెండు వీధుల అవతల ఉంటుంది. పాతికేళ్ళు దాటింది, ఒక అక్టోబరులో మెర్ల్ ఎల్క్ దుప్పుల వేటకని ఈ తుపాకీ తీసుకుని కొండెక్కాడు. తిరిగి రాలేదు. పికప్పు కొండ కింద దొరికింది, తాళంచెవి చాప కింద. తర్వాతి రోజే మంచు పడింది. ఊరంతా వెతికింది. వెతుకుతూనే ఊరు రెండుగా చీలింది. కొండ మింగిందని కొందరు, కొండకి అవతలి రోడ్డు మీద ఎవత్తో కారుతో కాచుక్కూర్చుందని కొందరు. ఆ గొడవని తీర్చినవి అచ్చులు. మెర్ల్ బల్ల మీద, నూనె గుడ్డలో చుట్టి, పద్ధతిగా పెట్టి ఉన్నాయి. ఆ గుడ్డ విప్పి చూశాక ఎవరికీ అనుమానం మిగల్లేదు. పెళ్ళాన్ని వదిలిపోయే మగవాళ్ళు ఎక్కడైనా ఉంటారు, కానీ అడవిపిల్లి చేతబట్టుకుని అచ్చులు వదిలిపోయే వెధవ ఉంటాడా? పోలీసు షెరీఫ్ కూడా ఇంట్లో తూటాలు చేసుకునేవాడే. అదే మాట అని, టోపీ తీసి, ఆర్లాకి తన సానుభూతి చెప్పాడు.

"అయితే ఇవి?" అన్నాడు లాయిడ్ డబ్బా చూపిస్తూ.

"ఆ వేసవిలో నా దగ్గరికొచ్చి రెండో జత చేయించుకున్నాడు. మొదటిదానికి గీత పడింది అన్నాడు. వాడు పోయాక నేను వెళ్ళి చూశా గదా, బల్ల మీదున్న జతకి గీతా లేదు, గాడిదగుడ్డూ లేదు."

అప్పటినుంచి ఐవర్ కుక్కిన పేనులా ఉన్నాడు. ఆర్లా బడి వంటగదిలో పనిచేసి పదవీ విరమణ చేసింది. చర్చిలో ఆమె కూర్చునే చోట ఇంకొకరు కూర్చోరు. కొండ మింగిన మనిషి భార్య అంటే ఆ ఊళ్ళో ఒక గౌరవం. ఏటా అక్టోబరులో, మంచు పడేలోపు, రొట్టె మూట కట్టుకుని మెర్ల్ ఎముకల కోసం కొండెక్కుతుంది. ఎముకలు మట్టిలో పెట్టేదాకా నేను వాడి పెళ్ళాన్నే అంటుంది. ఆ మాట ఎవరితో అందో ఐవర్ చెప్పలేదు గానీ, చెప్పేటప్పుడు లేతు వైపు చూశాడు. లాయిడ్‌కి అర్థమైంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. గది తొలిచినవాడే తూటాకి పేరు పెట్టడం ఆ పనిలో ఆచారం. తుపాకీ ఎవడు కొన్నా సరే, పేరు పెట్టే హక్కు తొలిచినవాడిది. ఈ గది తొలిచింది ఐవర్.

"నువ్వు మంచాడిలా ఉన్నావు," అన్నాడు ఐవర్ చివరికి. "ఆ డబ్బా నదిలో పారేసి, తిన్నగా ఇంటికెళ్ళిపో."

లాయిడ్ తిన్నగా వెళ్తానని మాటిచ్చాడు. నది సంగతి మాటివ్వలేదు. మంచి ఉక్కుని నీళ్ళలో పారేసే రకం కాదు. డబ్బాని సీటు కింద దాచాడు. తుపాకీని మళ్ళీ వెనక అద్దానికి తగిలించాడు. దాన్ని కూడా దాచాలని అతనికీ తోచలేదు, గుమ్మం దాకా వచ్చి సాగనంపిన ఐవర్‌కీ తోచలేదు. ఆ దేశంలో పికప్పు వెనక అద్దంలో తుపాకీ అంటే మనిషి నెత్తిన టోపీ లాంటిది. ఉంటే ఎవరూ అడగరు, లేకపోతే ఏమైందని అడుగుతారు.

ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర ఆగాడు. కాఫీ తీసుకుని బయటికొచ్చేసరికి, ఒక పెద్దావిడ సరుకుల సంచి కింద పెట్టి, వెనక అద్దానికి ముఖం ఆనించి నిలబడి ఉంది. పొట్టి మనిషి, తెల్లజుట్టు, మగవాళ్ళ కోటు.

"ఆ కర్ర మా నాన్న దొడ్లోది," అంది లాయిడ్ వైపు తిరక్కుండానే. "ఆ ముడి ఉన్నచోట కొయ్యొద్దు, చీలిపోతుందని చెప్పాను. చీలలేదు."

లాయిడ్ చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆవిడ తన పేరు చెప్పకముందే అతనికి తెలుసు. ఇంటికొచ్చి, పళ్ళు పెట్టి కాల్చిన పై ముక్క ఒకటి తినిపొమ్మంది. అడిగినట్టు లేదు, బడిపిల్లల్ని వరసలో నిలబెట్టినట్టుంది. ఆమెని పికప్పు ఎక్కించుకుని వెళ్ళి, తేలు కుట్టిన దొంగలా వెనకాలే ఇంట్లోకి నడిచాడు, తుపాకీ మోసుకుంటూ.

వంటగదిలో ఆమె అతని ముందు హకల్‌బెర్రీ పై పెట్టింది. తనేమీ తినలేదు. లోపల్నుంచి ఒక కాఫీ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. కాల్చిన ఇత్తడి తూటాలు, ఖాళీవి. మెర్ల్ వదిలిపోయినవి. ఒక గదిలో కాలిన ఇత్తడి ఆ గది ఒంపుసొంపులన్నీ తనలోకి తీసుకుంటుంది. ఇంకో గదిలో పెడితే ఎక్కడో ఒకచోట మొరాయిస్తుంది. ఆమె ఒక తూటా తీసి తుపాకీలో పెట్టి బోల్టు తోసింది. అది కిక్కురుమనకుండా మూసుకుంది.

ఆమె కాసేపు దాని మీద చెయ్యి తీయలేదు. తర్వాత మామూలు గొంతుతో, తుపాకీ బాగా పేలుతోందా అని అడిగింది. ఆ ప్రాంతంలో వేటగాణ్ణి ఈ ప్రశ్న అడిగితే, అతను మరణశయ్య మీదున్నా లేచి కూర్చుని జవాబు చెబుతాడు. లాయిడ్ చెప్పాడు. యాంటిలోప్ ఎంత దూరాన ఉందో, గాలి ఎటునుంచి వీచిందో, ఒక్క తూటాతో ఎలా కూలిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె తల ఊపుతూ విని, మంచి వేట అంది.

"నీకెక్కడ దొరికింది బాబూ ఇది?"

సంతలో అన్నాడు. సంతకి ముందు అంది. ఒక ఆసామి దగ్గర అన్నాడు. అంతకుముందు అంది. ఆమె రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి. లాయిడ్ ఆ చేతులు చూశాడు. జీవితంలో అతను అబద్ధాలు పెద్దగా ఆడలేదు. మంచితనం వల్ల కాదు, చేతకాక. అయినా ఆ క్షణాన ఈ ముసలావిడ ముఖం చూసి నిజం చెప్పేవాడికంటే రంపపు పళ్ళ కింద వేలు పెట్టేవాడు నయం అనిపించింది.

కొండల్లో ఎవరికో దొరికిందని విన్నాను అన్నాడు.

ఆమె ముఖంలోకి ఎంత వెలుగొచ్చిందంటే లాయిడ్ నోట్లో ముక్క మింగలేకపోయాడు. ఏ కొండ అంది. కనుమకి ఇటా అటా అంది. నీళ్ళ దగ్గరా, రాళ్ళ దగ్గరా అంది. లేచి కోటు తొడుక్కునేలా ఉంది. ఈ అక్టోబరుకి అక్కడే వెతుకుతానంది, మంచి బూట్లు కూడా కొన్నానంది. లాయిడ్ రాళ్ళ దగ్గరేమో అని గొణిగాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తన్ను తానే తిట్టుకున్నాడు. ఇప్పుడు ఈవిడ తన మాట పట్టుకుని ఈ వయసులో రాళ్ళెక్కుతుంది.

"అయితే దాంతో అచ్చులు రాలేదన్నమాట," అంది ఆర్లా. ఆమె అడగనైనా అడగలేదు. ఉన్నమాట అన్నట్టు అంది.

"రాలేదండీ."

"ఉత్త తుపాకీయే."

"ఉత్త తుపాకీయే."

ఆర్లా కూర్చుంది. గిన్నెలు తోమే తొట్టి మీద కుళాయి చుక్కలు కారుస్తోంది. ఆమె లేచి దాన్ని గట్టిగా కట్టేసి వచ్చి మళ్ళీ కూర్చుంది.

"మరి యాంటిలోప్‌ని దేంతో కొట్టావు? ప్రార్థనతోనా?"

లాయిడ్‌కి చెప్పడానికి వంద దారులున్నాయి. ఇంకెవరి దగ్గరో అచ్చులు చేయించాననొచ్చు. అతను రంపాల మనిషి, ఆ వంద దారుల్లో ఒక్కటీ అతనికి తట్టలేదు. బయటికెళ్ళి, సీటు కింద నుంచి పొగాకు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె లోపలి గదిలోంచి నూనె గుడ్డ తెచ్చి దాని పక్కన విప్పింది. రెండు జతలు. ఒకే చేతి పని, ఒకే రకం గాట్లు. కవల పిల్లల్లా ఉన్నాయి.

ఆమె ఏడవలేదు. అరవలేదు. "ప్రతి ఏడూ రొట్టెల్లో వాడికిష్టమైన ఆవాల ముద్ద రాసుకెళ్ళేదాన్ని," అంది. "నాకది పడదు. అయినా తినేదాన్ని." తర్వాత ఎక్కడున్నాడని అడిగింది. విన్నమక్కా అన్నాడు లాయిడ్. పోయాడని చెప్పాడు. డోరీన్ గురించి కూడా చెప్పాడు, ఇక దాచి ఏం లాభమని. ఆమె అన్నీ విని, రెండు జతల్నీ గుడ్డలో మూటగట్టింది.

"ఈ చుట్టుపక్కల అచ్చులు కోసేవాడు ఒక్కడే," అంది. "పద."

ఐవర్ లేతు దగ్గరున్నాడు. మొదట లాయిడ్‌ని చూశాడు, తర్వాత ఆమెని, తర్వాత ఆమె చేతిలో మూటని. మిషను ఆపాడు. లాయిడ్ తన టోపీ లోపలి అట్టని చాలా శ్రద్ధగా పరీక్షించసాగాడు.

ఆర్లా మూట బల్ల మీద పెట్టింది. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదట్నుంచీ."

"అయితే కొండమీదికి ఎందుకొచ్చావు?" అంది. అప్పటిదాకా లాయిడ్‌కి ఈ సంగతి తెలియదు. టోపీ మీంచి తల ఎత్తాడు. "ప్రతి అక్టోబరూ వచ్చావు. ఆ మోకాలితో. మంచులో బోర్లా పడుకుని బండల కింద చెయ్యి పెట్టి వెతికావు. అక్కడ ఏమీ లేదని తెలిసి వెతికావా, ఐవర్?"

"నువ్వొక్కదానివే వెళ్తున్నావు గదా," అన్నాడు ఐవర్. "అక్కడ ఎలుగులుంటాయి."

ఐవర్ పైపు జేబులో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. మొదట్లో చెబుదామనుకున్నాననీ, కానీ ఊరంతా ఆమెని చూసి జాలిపడుతుందని భయమేసిందనీ అన్నాడు. ఆ తర్వాత, ఆమెని తను పెళ్ళి మాట అడిగిన రోజు, ఎముకలు మట్టిలో పెట్టేదాకా కుదరదని ఆమె అన్న రోజు, నిజం నాలుక చివరిదాకా వచ్చిందట. అప్పుడు చెబితే తన స్వార్థానికి చెప్పినట్టు ఉంటుందని మింగేశాడట. ఒకసారి మింగాక ప్రతి ఏడూ మింగడం అలవాటైపోయింది.

ఆర్లా, లాయిడ్ తెచ్చి బల్లకి ఆనించిన తుపాకీ గొట్టం మీది అక్షరాల్ని వేలితో తడిమింది.

"మెర్ల్ పెట్టాడనుకున్నాను," అంది. "వాడికి అన్నిటికంటే ఇష్టమైన వస్తువు మీద నా పేరుందని ఇన్నేళ్ళూ గొప్పపడ్డాను. ఇది నువ్వే పెట్టావు కదూ?"

ఐవర్ తల వంచాడు.

"మరి ఆ విన్నమక్కా ఆవిడ అడిగి ఉంటుందిగా, ఆర్లా ఎవరని? ఏం చెప్పాడట?" అంది లాయిడ్ వైపు తిరిగి.

లాయిడ్ ఐవర్ వైపు చూశాడు, మిషను వైపు చూశాడు. ఎటు చూసినా సాయం లేదు. "కుక్కన్నాడటండీ," అన్నాడు.

ఆర్లాకి నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి, తర్వాత నోట్లోంచి. బల్ల పట్టుకుని వంగి మరీ నవ్వింది. ఐవర్ నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆమె అతన్ని చూసింది. ఆ చూపులో నవ్వు లేదు.

"వాడు వెళ్ళిపోయేనాటికి నాకు నలభై నిండలేదు, ఐవర్," అంది.

ఐవర్ ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదలడం లాయిడ్‌కి కనిపించింది. మనిషి ఏడుస్తుంటే చూడటం మర్యాద కాదని లాయిడ్ తుపాకీ అక్కడే వదిలి బయటికి నడిచి, పికప్పు పక్కన గాలికి నిలబడ్డాడు. ఒక వస్తువు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుందామని బయల్దేరి రెండు జీవితాల్ని కెలికి పెట్టానని అతనికి బాధేసింది. ఆమెని ఇంటి దగ్గర దింపాలి కాబట్టి వెళ్ళిపోవడానికీ లేదు.

కొంతసేపటికి ఆర్లా తలుపు దగ్గరికొచ్చింది. తుపాకీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. నీది నువ్వు ఉంచుకో, మంచి తుపాకీ, మనుషులతో దానికేం సంబంధం అంది. లాయిడ్ పికప్పు తలుపు తీసి ఆమె ఎక్కుతుందని పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వెళ్ళు బాబూ," అంది. "నన్ను ఇతను దింపుతాడు. ఇతనితో నాకింకా చాలా మాటలున్నాయి. అన్నీ తిట్లే."